పీసీ లేకుండా బూట్‌లోడర్ అన్‌లాక్ చేస్తామంటూ యాప్ అమ్మేవాళ్లతో జాగ్రత్త

పాత రెడ్‌మీ, రియల్‌మీ ఫోన్లలో కస్టమ్ రోమ్ (కంపెనీది కాకుండా బయటివాళ్లు తయారుచేసిన ఆండ్రాయిడ్) వేసుకుందామని చూస్తున్నవాళ్లకి ఈ పోస్ట్. దానికి ముందు ఫోన్ బూట్‌లోడర్ అన్‌లాక్ చేయాలి. టెలిగ్రామ్‌లో, యూట్యూబ్ వీడియోల కింద "నో పీసీ, వన్ క్లిక్ అన్‌లాక్" అని ఒక యాప్ అమ్ముతున్నారు. దయచేసి కొనకండి. ఇప్పటికే కొనుంటే, ముందు ఆ ఫోన్లోంచి సిమ్ తీసేసి తర్వాత మిగతాది చదవండి.

మా అక్క కొడుకు ఒంగోలులో పాలిటెక్నిక్ చదువుతున్నాడు. వాడి రెడ్‌మీ నోట్‌కి కంపెనీ అప్‌డేట్లు ఆగిపోయాయి కానీ ఫోన్ శుభ్రంగా ఉంది. లీనియేజ్ ఓఎస్ అనే కస్టమ్ రోమ్ వేసుకుంటే ఇంకొన్నాళ్లు లాగించవచ్చని వాడి లెక్క, అది సబబైన లెక్కే. ఇంట్లో ల్యాప్‌టాప్ లేదు. యూపీఐలో 799 రూపాయలు పంపగానే ఒక ఏపీకే ఫైల్ (ప్లే స్టోర్ బయటి నుంచి యాప్ వేసుకునే ఫైల్) వచ్చింది, దాంతోపాటు వాయిస్ మెసేజ్‌లో సూచనలు: చెడ్డ యాప్‌లని పట్టే ప్లే ప్రొటెక్ట్ ఆపేయాలి, యాప్‌కి యాక్సెసిబిలిటీ పర్మిషన్ (తెర మీదున్నది చదివి, మన బదులు నొక్కే అనుమతి) ఇవ్వాలి, ఎస్సెమ్మెస్‌ల డిఫాల్ట్ యాప్‌గా దీన్నే పెట్టాలి.

ఆండ్రాయిడ్ 13 నుంచి బయటి ఏపీకేలకి యాక్సెసిబిలిటీ అంత తేలిగ్గా దొరకదు. "రిస్ట్రిక్టెడ్ సెట్టింగ్" అని అడ్డం పడుతుంది. అమ్మినవాడికి అదీ తెలుసు. "యాప్ ఇన్ఫోలోకి వెళ్లి పైన మూడు చుక్కలు నొక్కు బ్రో, అలౌ అని వస్తది" అని ఓపిగ్గా చెప్పాడు. ఆ ఓపిక చూసే మావాడు నమ్మాడు.

తర్వాత నల్ల తెర మీద పచ్చ అక్షరాలు పరిగెత్తాయి, పర్సెంటేజీ పెరుగుతూ పోయింది. "మావయ్యా, తొంభై దగ్గర ఆగింది, సర్వర్ కీకి ఇంకో 1,500 అడుగుతున్నాడు" అని వాడు ఫోన్ చేస్తేగానీ నాకు విషయం తెలియలేదు. ఆ డబ్బు పంపకుండా ముందు నన్ను అడగడం మంచిదైంది. ఆలోపే వాడు చేయని లావాదేవీలకి బ్యాంకు నుంచి ఓటీపీలు రావడం మొదలైంది. సిమ్ తీయించి, వాళ్ల నాన్న ఫోన్ నుంచి బ్యాంకుకి చేసి యూపీఐ, నెట్ బ్యాంకింగ్ ఆపించాం. ఖాతాలో డబ్బు దక్కింది, 799 మాత్రం పోయింది.

ఇంతకీ ఆ యాప్ చేస్తానన్న పని ఎందుకు కుదరదో చెప్తాను. ఫోన్ ఆన్ చేయగానే ముందు లేచేది బూట్‌లోడర్. లోపలున్న సాఫ్ట్‌వేర్ మీద కంపెనీ సంతకం సరిగ్గా ఉందో లేదో చూసుకుని, ఆ తర్వాతే ఆండ్రాయిడ్‌ని లేపుతుంది. అన్‌లాక్ చేయాలంటే చాలా ఫోన్లని ఫాస్ట్‌బూట్ మోడ్‌లో (బూట్‌లోడర్ దగ్గరే ఆగి కమాండ్ల కోసం చూసే స్థితిలో) పెట్టి, కేబుల్ ద్వారా బయటి నుంచి కమాండ్ ఇవ్వాలి. ఫాస్ట్‌బూట్‌లో ఉన్నప్పుడు ఆండ్రాయిడ్ నడవదు. ఆండ్రాయిడే నడవనప్పుడు అందులో ఇన్‌స్టాల్ చేసిన యాప్ ఎలా నడుస్తుంది? బయటి తలుపు గడియని పడగ్గదిలో నిద్రపోతున్నవాడు తీస్తాడన్నట్టుంది వ్యవహారం. రూట్ (సిస్టమ్ మీద పూర్తి అధికారం) లేని మామూలు ఫోన్లో, అదే ఫోన్లోని యాప్ ఒక్క నొక్కుతో బూట్‌లోడర్ తెరుస్తుందని ఎవరన్నా అంటే అక్కడితో మాట ఆపేయండి.

"కానీ నాకు సక్సెస్ అని చూపించింది" అనేవాళ్లు ఒకసారి గ్యాలరీ తెరిచి చూడండి. నిజంగా అన్‌లాక్ అయితే ఫోన్లో డేటా మొత్తం తుడిచిపెట్టుకుపోతుంది. దొంగ చేతికి ఫోన్ చిక్కినా మన డేటా చిక్కకూడదని అలా పెట్టారు. ఫొటోలు ఎక్కడివక్కడే ఉన్నాయంటే ఏమీ అన్‌లాక్ కాలేదన్నమాట. రెడ్‌మీలో అయితే డెవలపర్ ఆప్షన్లలో "మి అన్‌లాక్ స్టేటస్" కూడా ఉంటుంది. మావాడి యాప్ 90 శాతం అయిపోయిందని చెబుతున్నప్పుడు కూడా అక్కడ లాక్డ్ అనే ఉంది.

అసలు పీసీ లేకుండా కుదరనే కుదరదా అంటే, కొన్ని ఫోన్లకి కుదురుతుంది. అప్పుడు పీసీ బదులు ఇంకో ఆండ్రాయిడ్ ఫోన్ కావాలి, మధ్యలో ఓటీజీతో (ఫోన్‌కి ఇంకో పరికరం తగిలించే అడాప్టర్‌తో) డేటా కేబుల్ కావాలి. రెండో ఫోన్లో టెర్మక్స్ లాంటి కమాండ్లు టైప్ చేసే యాప్‌లు పెట్టుకుని ఫాస్ట్‌బూట్ కమాండ్లు ఇస్తారు. గూగుల్ పిక్సెల్‌కి అయితే గ్రాఫీన్ ఓఎస్ అనే కస్టమ్ రోమ్ వాళ్ల వెబ్ ఇన్‌స్టాలర్ మరో ఆండ్రాయిడ్ ఫోన్ బ్రౌజర్ నుంచే పని చేస్తుంది. కేబుల్ ఖర్చు తప్ప వీటికి ఎవరికీ పైసా కట్టక్కర్లేదు. మోటొరోలాలో అనుమతి ఉన్న మోడళ్లకి కంపెనీ సైట్ ఇచ్చే అన్‌లాక్ కీ కూడా ఉచితమే. రెడ్‌మీ తయారుచేసే షావోమీ అధికారిక టూల్ మాత్రం విండోస్‌ది. పైగా మి అకౌంట్ జత చేశాక చాలా మోడళ్లకి రోజుల తరబడి ఆగాలి, 168 గంటలు అని చూపించడం మామూలే. ఆ వెయిటింగ్ లేకుండా చేస్తామని మి అకౌంట్ పాస్‌వర్డ్ అడిగేవాళ్లూ ఉన్నారు. ఇచ్చారంటే ఫైండ్ డివైస్ నుంచి మీ ఫోన్నే లాక్ చేసి బేరం పెట్టగలరు. నెట్ సెంటర్ సిస్టమ్‌లో చేసుకునేవాళ్లు లేచేముందు మి అకౌంట్ లాగౌట్ అయ్యారో లేదో చూసుకోండి.

అన్‌లాక్ సవ్యంగా అయినా కొన్ని బ్యాంకు యాప్‌లు మొరాయిస్తాయి. చాలా ఫోన్లలో వైడ్‌వైన్ (సినిమాలు కాపీ కాకుండా కాపాడే వ్యవస్థ) కింది స్థాయి ఎల్3కి పడిపోయి సినిమాలు హెచ్‌డీలో రావు. యూపీఐ ఆ ఒక్క ఫోన్లోనే ఉంటే ఇంకోసారి ఆలోచించుకోండి.

ఇప్పటికే ఆ ఏపీకే వేసుకున్నవాళ్లు: సిమ్ తీశాక, వేరే ఫోన్ నుంచి బ్యాంకుకీ, సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కీ చేయండి. జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో కంప్లయింట్‌కి యూపీఐ రసీదు మీద యూటీఆర్ నంబర్ (ఆ లావాదేవీ గుర్తింపు నంబర్) కావాలి, చాట్ డిలీట్ చేయకముందే స్క్రీన్‌షాట్లు తీసుకోండి. యాప్ తీసేయనివ్వకపోతే సేఫ్ మోడ్‌లోకి (మనం వేసుకున్న యాప్‌లు నడవకుండా ఫోన్ లేచే స్థితిలోకి) వెళ్లి తీయండి. మేం ఆ తర్వాత ఫ్యాక్టరీ రీసెట్ కూడా చేశాం, పాస్‌వర్డ్లన్నీ వేరే ఫోన్ నుంచి మార్చాం.

ఇంకొకటి. మావాడు మోసపోయానని ఓ గ్రూపులో రాసిన కాసేపటికే "మీ డబ్బు వెనక్కి తెప్పిస్తా, ఫీజు 300" అని ఒకాయన ఇన్‌బాక్స్‌లోకి వచ్చాడు. అతను వేసుకోమన్నది స్క్రీన్ షేరింగ్ యాప్. బ్లాక్ చేయించాను.