ఆమె తరఫు లాయర్ ఎవరు? ఒక సరోగసీ ఏజెన్సీతో మా ఐదు నెలలు

రేటింగ్: 5కు 2

ఆపరేషన్‌లో గర్భాశయం తీసేశాక, వాణిజ్య సరోగసీకి (డబ్బు ఇచ్చి మరో స్త్రీ చేత మన బిడ్డను మోయించడానికి) అనుమతి ఉన్న ఒక దేశంలోని ఏజెన్సీని సంప్రదించాం. పేరు చెప్పను. మాలాంటి దంపతులు సంతకానికి ముందు ఏం అడగాలో తెలుస్తుందని రాస్తున్నాను.

మాతో వ్యవహరించిన అమ్మాయి ఓపికకు వంక పెట్టలేను. నేను ఏడ్చిన రోజు నేను తేరుకునేదాకా ఫోను పెట్టేయలేదు. ఐవీఎఫ్ (శరీరం బయట పిండాన్ని తయారుచేసి గర్భంలో పెట్టే పద్ధతి) దశలు, ఇంజెక్షన్లు, పరీక్షలు అన్నీ విడమరిచి చెప్పింది. ఆ రెండు మార్కులూ ఆమెవే.

ఒప్పందం ముసాయిదా 38 పేజీలు. బిడ్డను మోసే స్త్రీ ఏం తినాలో, ఎక్కడికి వెళ్లకూడదో, భర్తకు ఎప్పుడు దూరంగా ఉండాలో పేజీల కొద్దీ ఉంది. రెండు పిండాలు ప్రవేశపెడతామన్నది ఒకే వాక్యం. కవలల గర్భంలో రక్తపోటు, నెలలు నిండని కాన్పు ముప్పు పెరుగుతాయి. ఆ ముప్పు ఆమెది. ఇద్దరిలో ఒకరిని తొలగించాలా వద్దా అన్న నిర్ణయం మాత్రం మాదట! నా ఒంటిమీద కత్తి పెట్టే ముందు నా సంతకం తీసుకున్నారు. ఆమె ఒంటికి కూడా నా సంతకమే చాలా?

ఆమె తరఫు లాయర్ ఎవరని అడిగితే, "మా లాయరే ఇద్దరికీ చూస్తాడు" అన్నారు ఏజెన్సీవాళ్లు. ఆమెతో మాట్లాడించమని మూడు వారాలు అడిగాక పదిహేను నిమిషాల వీడియో కాల్ ఇచ్చారు. పక్కన ఏజెన్సీ మనిషి. గర్భం నిలవకపోతే మీకు ఏమిస్తారని అడిగాను. ఆమె జవాబు చెప్పకుండా ఆ మనిషి వైపు చూసింది.

బిడ్డ ఆరోగ్యంగా పుట్టకపోతే? "అలాంటివి జరగవు" అన్నారు. థాయ్‌లాండ్‌లో జరిగింది, 2014లో బయటపడింది. కవలల్లో డౌన్ సిండ్రోమ్ అనే జన్యులోపం ఉన్న బాబు మోసిన తల్లి దగ్గరే ఉండిపోయాడు, పాప ఆస్ట్రేలియా దంపతులతో వెళ్లింది. మరుసటి ఏడాదే ఆ దేశం విదేశీయులకు సరోగసీని నిషేధించింది. 2020లో కోవిడ్ ఆంక్షల వల్ల తల్లిదండ్రులు రాలేక, సరోగసీ ద్వారా పుట్టిన పసిపిల్లలు పదుల సంఖ్యలో ఉక్రెయిన్ రాజధాని కీవ్‌లోని ఒక హోటల్లో ఉండిపోయారు. అలాంటప్పుడు బిడ్డ బాధ్యత ఎవరిదో 38 పేజీల్లో ఎక్కడా లేదు.

మోసినందుకు ఆమె డబ్బు తీసుకోవడం తప్పని నేను అనను. తొమ్మిది నెలల కష్టానికి కృతజ్ఞత చాలనడమే నాకు అన్యాయంగా తోస్తుంది. డబ్బు ఇస్తున్నాం కదా, ఇక ఆమెను అడిగేదేముందన్న ధోరణితోనే నా పేచీ.

మార్పులు కోరాం. ఒకే పిండానికి ఒప్పుకున్నారు. ఆమెకు సొంత లాయర్ అంటే ఆలస్యమవుతుందన్నారు. మేం విరమించుకున్నాం. కట్టిన రుసుములో సగం తిరిగొచ్చింది. మేం ఎందుకు తప్పుకున్నామో ఆమెకు చెప్పారా అని రెండుసార్లు ఉత్తరం రాశాను. జవాబు రాలేదు.