జౌగడ శాసనం చూడాలనుకుంటే ప్యాకేజీలో మాత్రం వెళ్ళకండి

ఒడిశా బరంపురంలోని మన తెలుగువాళ్ళలో తారాతారిణి అమ్మవారి కొండెక్కని వాళ్ళు ఉండరు, చైత్ర మంగళవారాలొస్తే ఇంటిల్లిపాదీ కదులుతారు. ఆ దగ్గర్లోనే, పురుషోత్తమపూర్ పక్కన రుషికుల్యా నది ఒడ్డున జౌగడలో రెండువేల రెండొందల ఏళ్ళు దాటిన అశోకుడి శాసనం ఉందంటే మాత్రం "అవునా?" అంటారు. అందుకే ఒక టూర్ వాళ్ళు "హెరిటేజ్ వాక్, నిపుణుల వివరణతో" అని వాట్సాప్‌లో పెడితే ఎగిరి గంతేసి డబ్బులు కట్టేశాను. మనిషికి 1,450. నేను, వదిన, పదో తరగతి చదివే మేనకోడలు, చిన్న మావయ్య, మొత్తం 5,800 రూపాయలు. టిఫిన్, భోజనం అందులోనే అన్నారు. టిఫిన్ అంటే చల్లారిపోయిన ఉప్మా పొట్లం.

జౌగడలో మమ్మల్ని వదిలింది ఇరవై నిమిషాలు. గైడ్ కుర్రాడు రాతి ముందున్న కటకటాలకి వీపు ఆనించి నిలబడి "కళింగ యుద్ధంలో లక్షమంది చచ్చిపోయారని అశోకుడు ఇక్కడే ఏడ్చి రాయించాడు" అని చెప్పి ఇక ఫోటోలు తీసుకోండి అన్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ లక్షమంది సంగతి ఉన్నది అశోకుడి పద్నాలుగు శిలాశాసనాల్లో 13వ దాంట్లో, అది జౌగడలో లేనే లేదు! ఇక్కడ 1 నుంచి 10 దాకా, తర్వాత 14, వీటితో పాటు కళింగ వాళ్ళకోసమే విడిగా చెక్కించిన రెండు శాసనాలు ఉన్నాయి. 11, 12, 13 భువనేశ్వర్ దగ్గరి ధౌలిలోనూ లేవు ఇక్కడా లేవు. 13వది చూడాలంటే మన కర్నూలు జిల్లా ఎర్రగుడికి వెళ్ళాలి. ఇదే మాట అడిగితే "మేడమ్, టైమ్ అవుతోంది, తారాతారిణి రోప్‌వే క్యూ పెరిగిపోద్ది" అన్నాడు. అక్కడ గంటన్నర, ఆ తర్వాత జీడిపప్పు కొట్టు దగ్గర ముప్పావుగంట ఆపారు, ఆ కొట్టుతో వాళ్ళకి లెక్కలున్నాయని చూస్తేనే తెలుస్తోంది. మావయ్య మోకాళ్ళు పట్టుకుని వ్యాన్‌లోనే కూర్చుండిపోయారు, వదిన వచ్చే దారంతా ఒక్క మాట మాట్లాడలేదు. డబ్బు గురించి కాదు ఆవిడ కోపం, పిల్లకి తప్పు చెప్పారని.

అందుకని మళ్ళీ ఆదివారం మాకు మేమే వెళ్ళాం. బరంపురం నుంచి పురుషోత్తమపూర్‌కి బస్సులో మనిషికి 50, అక్కడినుంచి ఆటో రానూ పోనూ, వెయిటింగ్‌తో కలిపి 450. ఆటో మాట్లాడుకునే టీ బడ్డీ దగ్గర మా తెలుగు విని ఒక పెద్దాయన "ఏ ఊరమ్మా మీది?" అని పలకరించారు. రిటైరైన హిస్టరీ మాస్టారట, వాళ్ళ నాన్నగారిది ఇచ్ఛాపురం వైపు. విషయం చెబితే "ఇరవై నిమిషాల్లో ఏటి చూస్తారమ్మా, పదండి" అని చెప్పుల్లో కాళ్ళు పెట్టుకుని ఆటో ఎక్కేశారు.

ముందు రాయి దగ్గరికి తీసుకెళ్ళలేదు. మట్టికోట గట్టు మీద నడిపించారు. కోటని లక్కతో కట్టారని, శత్రువులు ఎక్కితే జారిపోయేవారని ఊళ్ళో కథ చెప్పి, నిజానికి ఇది మట్టిగోడ అని, 1956లో దేబలా మిత్ర ఇక్కడ తవ్వకాలు చేయించారని చెప్పారు. ఆవిడే తర్వాత పురావస్తు శాఖకి మొదటి మహిళా డైరెక్టర్ జనరల్ అయ్యారు. అది విని మా మేనకోడలు నోట్‌బుక్ తీసింది, అప్పటిదాకా ఫోన్‌లోనే ఉంది.

తర్వాత రాయి. కొంత భాగం పెచ్చులూడిపోయింది, మిగిలింది పక్కవాటు వెలుతురులో బాగా కనిపిస్తుంది. మాస్టారు ఆ రాతి మీది బ్రాహ్మీ లిపిని పుల్లతో దుమ్ములో గీశారు, కూడిక గుర్తు వేసి ఇది 'క', సున్నా వేసి ఇది 'ఠ', సున్నాలో చుక్క పెట్టి ఇది 'థ', ఇప్పుడు రాతి మీద 'క' వెతుకమ్మా అన్నారు. పిల్ల కటకటాలకి మొహం ఆనించి రెండు నిమిషాల్లో నాలుగు 'క'లు పట్టేసింది. నువ్వు బళ్ళో రాసే ఒడియా, ఇంట్లో రాసే తెలుగు రెండూ ఈ బ్రాహ్మీ పిల్లలే అని ఆయన అంటే దాని మొహం చూడాలి!

విడిగా ఉన్న రెండు శాసనాలూ సమాపా అనే ఊరి మహామాత్రులకి, అంటే పెద్ద అధికారులకి, అశోకుడు పంపిన ఆజ్ఞలు. జనాన్ని ఊరికే జైల్లో పెట్టకండి, హింసించకండి, అందరూ నా బిడ్డలే అని రాయించాడు. సరిహద్దుల అవతల నేను గెలవని వాళ్ళున్నారు, వాళ్ళు నన్ను చూసి భయపడక్కర్లేదని చెప్పండి అనీ ఉంది. సరిహద్దులో పుట్టి పెరిగిన వాళ్ళం కదా, ఆ మాటకి మా మావయ్య కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. ఇంకొకటి, ఈ శాసనాన్ని తిష్య నక్షత్రం రోజున, అంటే మన పుష్యమి రోజున, జనానికి చదివి వినిపించాలి, మధ్య రోజుల్లో ఒక్కడు వచ్చి విన్నా సరే చదవాలి అని అందులోనే ఉంది. అంటే వినిపించడం కోసమే ఆ రాయి, మరి డబ్బు తీసుకుని దానికి వీపు పెట్టి నిలబడేవాణ్ణి ఏమనాలి? 1850లో వాల్టర్ ఇలియట్ నకలు తీసుకున్న ఈ అక్షరాల్ని మాస్టారు వేలితో గాల్లో చూపిస్తూ వరస తప్పకుండా చదివారు, మధ్యలో మేకలు కాసే ఇద్దరు పిల్లలు కూడా వచ్చి కూర్చున్నారు.

డబ్బులిస్తే పుచ్చుకోలేదు. భోజనానికి రమ్మంటే వచ్చారు. పురుషోత్తమపూర్ బస్టాండు దగ్గర చిన్న హోటల్, ప్లేటు 90 రూపాయలు. అన్నం, డాల్మా (కూరగాయలు వేసిన పప్పు), ఆవ పెట్టిన చేపల బెసర, పక్కన బొడి చూరా. మినప వడియాలు వేయించి వెల్లుల్లి, ఎండుమిర్చి, ఉప్పు వేసి చేత్తో నలిపి పెడతారు, పైన పచ్చి ఆవనూనె చుక్క. వదిన రెండోసారి అడిగి వేయించుకుంది, హోటలావిడ దానికి డబ్బు కూడా వెయ్యలేదు.

మాస్టారి మాట మీదే తర్వాత పర్లాకిమిడి వెళ్ళాం. అక్కడి రాజావారి బళ్ళో పాఠాలు చెప్పిన గిడుగు రామమూర్తి పంతులుగారు పాత లిపులు తనంతట తనే నేర్చుకుని ముఖలింగం గుడి శాసనాలు చదివారు, సవర భాష నేర్చుకుని వాళ్ళ పిల్లలకి బడులు పెట్టారు. 1936లో ఊరు ఒడిశాలో కలిసిపోతే ఆయన రాజమండ్రి వెళ్ళిపోయారు. గజపతి ప్యాలెస్‌ని బయటినుంచే చూశాం, బాగుంది. లాడ్జి మాత్రం వద్దు, 1,100 తీసుకుని పొద్దున్న ఆరింటికి నీళ్ళు లేవన్నారు, మావయ్య బకెట్ పట్టుకుని కిందకి దిగాల్సి వచ్చింది. అక్కడినుంచి ముఖలింగం వంశధార ఒడ్డునే, ఆంధ్రా వైపు, తప్పకుండా కలుపుకోండి.

వెళ్ళేవాళ్ళు జౌగడకి పొద్దున్న తొమ్మిదిలోపు చేరండి, ఎండ నెత్తికెక్కితే అక్షరాలు కనపడవు. నీళ్ళు, టార్చి పట్టుకెళ్ళండి, అక్కడ కొట్లు లేవు. శాసనం అనువాదం ముందే ఒక కాగితం మీద రాసుకుని వెళ్ళి పిల్లల చేత అక్కడే పైకి చదివించండి. నలుగురికి మా రెండో ప్రయాణం ఖర్చు భోజనాలతో కలిపి 1,300 అయింది.