సెయిల్‌బోట్‌లో ఇంట్రాకోస్టల్ వాటర్‌వే, నార్‌ఫోక్ నుంచి ఫ్లోరిడాకి: చాలా ఏళ్లు తిరిగాక నా రివ్యూ

ముందే చెప్పేస్తా, తెరచాప ఎత్తేసి గాలి మీద హాయిగా దక్షిణానికి పోదాం అనుకునేవాళ్లకి ఈ దారి నచ్చదు. అట్లాంటిక్ ఇంట్రాకోస్టల్ వాటర్‌వే అంటే అమెరికా తూర్పు తీరం వెంబడి నదులు, సౌండ్లు (తీరం లోపలి వెడల్పైన జలాశయాలు), తవ్విన కాలవలు అన్నీ కలిపిన లోపలి దారి. వర్జీనియాలో నార్‌ఫోక్ దగ్గర మైల్ జీరో, అక్కణ్ణుంచి మయామీకి సుమారు 1,090 మైళ్లు, అవి కూడా నాటికల్ మైళ్లు కాదు రోడ్డు మీద లెక్కేసే మామూలు మైళ్లే. ఇందులో చాలా భాగం డీజిల్ ఇంజిన్ మీదే వెళ్తాం. మాది 32 అడుగుల పాత బోటు, అడుగుభాగం నీళ్లలోకి నాలుగున్నర అడుగులు దిగుతుంది. గాలి వెనకనుంచి ఉంటే ముందు చాప ఒక్కటి విప్పుతాం, దాంతో వేగం ఒక అర నాట్ (గంటకి అర నాటికల్ మైలు) కలిసొస్తుంది, అంతే.

మరి ఎందుకు ఏటా దీన్నే పట్టుకుని పోతాం అంటే, నార్త్ కరోలినాలో సముద్రంలోకి పొడుచుకొచ్చిన హాటెరస్ కేప్ వల్ల. అక్కడ గల్ఫ్ స్ట్రీమ్ అనే సముద్ర ప్రవాహం ఉత్తరానికి పోతుంటుంది, శరదృతువులో ఫ్రంట్ (చలిగాలి అంచు) దిగిన ప్రతిసారీ ఉత్తరపు గాలి దానికి ఎదురుగా కొడుతుంది, అలలు గోడల్లా లేస్తాయి, చిన్న బోటుతో ఇద్దరు మనుషులు చూడాల్సిన సముద్రం కాదది. ఈ కాలవ ఆ ముక్కుని లోపలినుంచే దాటించేస్తుంది, నా మటుకు నాకు ఆ ఒక్కదానికే డబ్బులు గిట్టినట్టు.

టైమింగ్ మన చేతుల్లో ఉండదు. హరికేన్ సీజన్ నవంబర్ 30 దాకా, చాలా ఇన్సూరెన్స్ పాలసీలు నవంబర్ 1కి ముందు ఫలానా గీత దాటి కిందికి పోవద్దంటాయి, కాబట్టి అక్టోబర్‌లో అనాపలిస్ బోట్ షో అయిపోగానే చెసపీక్ బేలో ఉన్నవాళ్లందరూ ఒకేసారి బయల్దేరతారు. గ్రేట్ బ్రిడ్జ్ లాక్‌లో (గేట్లు మూసి నీటిమట్టం మార్చే తొట్టి) అందరం వరసగా తాళ్లు పట్టుకుని నిలబడతాం, నీళ్లు లేచేది మాత్రం రెండు మూడు అడుగులే. ఇంకో దారి డిస్మల్ స్వాంప్ కాలవ, 1805లో తెరిచారు, ఇరుకు, లోతు తక్కువ, పైన చెట్ల కొమ్మలు మాస్ట్‌కి (తెరచాప స్తంభానికి) తగుల్తుంటాయి, కానీ రంగులు మారిన ఆకులు చూడాలంటే అదే. ఈ ప్రాంతం నీళ్లు టీ డికాక్షన్ రంగులో ఉంటాయి, బోటు ముందు భాగానికి గోధుమరంగు మీసం వచ్చేస్తుంది. దానికి షాపులో ఖరీదైన క్లీనర్లు అక్కర్లేదు, నిమ్మరసం రాసి కాసేపు ఎండలో వదిలేస్తే చాలా వరకు పోతుంది. (మా ఆవిడ పులిహోరకి దాచుకున్న నిమ్మకాయలు ముట్టుకోకూడదు, అది వేరే రూలు.)

అల్బెమార్ల్ సౌండ్‌ని తేలిగ్గా తీసుకోవద్దు, లోతు తక్కువ కాబట్టి 20 నాట్ల గాలికే పొట్టి అలలు దగ్గర దగ్గరగా లేచి బోటుని కుదిపేస్తాయి, ఉదయాన్నే దాటేయాలి. ఆ కింద క్యాంప్ లెజ్యూన్, మెరైన్ల స్థావరం. ఫైరింగ్ ప్రాక్టీస్ ఉంటే వాటర్‌వేనే మూసేస్తారు, గంటలు గంటలు కూర్చోవాల్సి వస్తుంది. నాకు అన్నిట్లో నచ్చేది సౌత్ కరోలినాలో వకమా నది. నల్లటి లోతైన నీళ్లు, నీళ్లలోనే నిలబడ్డ సైప్రస్ చెట్లు, ఒడ్డుకి దగ్గరగా పోయినా భయం లేదు. ఈ ఒక్క ముక్క కోసమైనా బయట సముద్రం వదిలి లోపలికి రావచ్చు.

అసలు తలనొప్పి దాని తర్వాత. కాలవ లోతు ఫోర్ట్ పియర్స్ దాకా 12 అడుగులు ఉండాలని కాగితం మీద ఉంది, నిజంలో ప్రతి మొగ (సముద్రంలోకి తెరుచుకునే చోటు) దగ్గరా ఇసుక మేట వేస్తూనే ఉంటుంది, చార్టు మీద దారి చూపే మెజెంటా గీత పట్టుకుని గుడ్డిగా పోతే నేల తగుల్తుంది. కాలవ బాగోగులు చూసే ఆర్మీ కోర్ ఆఫ్ ఇంజనీర్స్ వాళ్ల తాజా లోతు సర్వేలు చూసుకోవాల్సిందే. దక్షిణానికి పోయేటప్పుడు ఎర్ర గుర్తులు మామూలుగా కుడివైపు ఉంటాయి, కానీ మొగల దగ్గర తారుమారవుతాయి, అప్పుడు చిన్న పసుపు గుర్తులే దిక్కు, త్రికోణం కుడికి, చదరం ఎడమకి. తవ్వకాలకి డబ్బులు ఆపేస్తే నాలుగైదేళ్లలో దీనికీ మన బకింగ్‌హాం కాలవ గతే పడుతుందని ఇక్కడ ప్రతిసారీ అనిపిస్తుంది.

జార్జియాలో సుమారు 140 మైళ్లు, పోటుకీ పాటుకీ తేడా 7 నుంచి 9 అడుగులు. లిటిల్ మడ్ రివర్, హెల్ గేట్, జెకిల్ క్రీక్, ఈ మూడు లోతు తక్కువ చోట్లూ నీళ్లు సగం దాటి ఇంకా ఎక్కుతున్నప్పుడే దాటాలి, అప్పుడు పొరపాటున తగిలినా నీళ్లే లేపుతాయి. లంగరు లెక్క కూడా మారుతుంది: సాయంత్రం పాటు మీద 10 అడుగులు కనిపిస్తే రాత్రికి 18, దానికి బోటు ముందు భాగం ఎత్తు 4 కలిపితే 22, ఐదింతలు వదలాలంటే 110 అడుగుల గొలుసూ తాడూ. అంత తిరగడానికి చుట్టూ చోటుండాలి. పగలు చిన్నదవుతుంది, నవంబర్ మొదట్లో గడియారం వెనక్కి తిప్పాక ఐదున్నరకే చీకటి, కాబట్టి రోజుకి 45, 50 మైళ్లకి మించి ప్లాన్ వేస్కోవద్దు. ఈ జార్జియా కష్టం వద్దనుకుంటే వాయవ్యపు గాలి చూసుకుని సౌత్ కరోలినాలో చార్లెస్టన్ దగ్గర సముద్రంలోకి పోయి ఒక పగలూ ఒక రాత్రీ నడిపితే ఫ్లోరిడా మొదట్లో ఫర్నాండీనా వచ్చేస్తుంది, ఈ మధ్య మేం చేసేది అదే. కాకపోతే కంబర్లాండ్ ఐలాండ్‌లో అడవి గుర్రాలు చూడాలంటే అక్కడ ఒక రోజు ఆగాలి, ఆ దారిలో రేవులో రొయ్యల పడవల దగ్గరే కొనుక్కుని కుక్కర్ పక్కన పెట్టి ఇగురు చేస్కోవడం ఇంకో లాభం.

ఫ్లోరిడాలో సెయింట్ అగస్టీన్, ఇండియన్ రివర్ బాగుంటాయి, మనటీలు (నెమ్మదిగా ఈదే పెద్ద నీటి జంతువులు) ఉన్నచోట స్లో బోర్డులు పెడతారు, మనం ఎలాగూ స్లోనే. పామ్ బీచ్ దాటాక మాత్రం నా వల్ల కాదు. పది నిమిషాల ప్రయాణానికో తెరిచే వంతెన, ఒక్కోదానికీ ఒక టైమ్‌టేబుల్, వంతెన వాళ్లని పిలిచే రేడియో ఛానల్ కూడా వర్జీనియా, నార్త్ కరోలినాల్లో 13, సౌత్ కరోలినా నుంచి కిందికి 9, వీకెండ్ అయితే స్పీడ్‌బోట్ల అలలకి వంటింట్లో గిన్నె నిలవదు. వాతావరణం బాగుంటే లేక్ వర్త్‌లో బయటికి పోయి ఫోర్ట్ లాడర్‌డేల్‌లో లోపలికి రండి, గల్ఫ్ స్ట్రీమ్ ఎదురవ్వకుండా ఒడ్డుకి దగ్గరగా.

ఖర్చు పెద్దగా ఏం లేదు, లంగరు వేస్తే ఉచితం, మా ఇంజిన్ గంటకి అర గ్యాలన్ కంటే కొంచెం ఎక్కువ తాగుతుంది. టోయింగ్ మెంబర్‌షిప్ (ఇరుక్కుంటే లాగే సర్వీసు) మాత్రం తప్పనిసరి, డీజిల్ ఫిల్టర్లు, ఇంపెల్లర్ (ఇంజిన్ చల్లబరిచే నీటి పంపులో చక్రం) రెండేసి స్పేర్ ఉంచుకోండి.

ఎవరికి సరిపోదంటే, బోటు అడుగుభాగం నీళ్లలోకి 6 అడుగులకి మించి దిగేవాళ్లకి, మాస్ట్ ఎత్తున్నవాళ్లకి. తెరవని ఫిక్స్‌డ్ వంతెనల కింద ఎత్తు 65 అడుగులు అంటారు గానీ విల్కర్సన్ వంతెన 64 మాత్రమే, మయామీలో జూలియా టటిల్ 56. సెలవు రెండు వారాలే ఉంటే నార్‌ఫోక్ నుంచి నార్త్ కరోలినాలో బోఫర్ట్ దాకా చేయండి, సుమారు 200 మైళ్లు, తొందర లేకుండా అయిపోతుంది, బోటు అక్కడే యార్డ్‌లో ఎక్కించేసి మిగతాది ఇంకో ఏడాది చూస్కోవచ్చు.