కరెంటు తీగ లేని చోట రాత్రి బస: మొజావే, హాన్లే, మన చెలక – ఏది మేలు?

హనుమకొండ, కాజీపేట వైపు అమెరికాలో పిల్లలున్న ఇళ్లకు కొదవ లేదు. అమ్మానాన్నలు అక్కడికి వెళ్లినప్పుడు, ‘కాలిఫోర్నియాలోని మొజావే ఎడారిలో చిన్న క్యాబిన్ దొరికింది, రెండు రాత్రులు ఉండి వద్దాం’ అనే మాట పిల్లల నోట ఇప్పుడు తరచుగా వస్తోంది. ఇక్కడున్న యువకులు అదే కోరికతో లడఖ్‌లోని హాన్లే అనే ఊరి దారి పడుతున్నారు. ములుగు, నర్సంపేట రోడ్ల మీద ఎకరమో అరెకరమో చెలక కొని, అందులో ఒక గది వేసి సోలార్ పెట్టుకుని శని ఆదివారాలు గడుపుదామనుకునేవాళ్లు మూడో రకం. కరెంటు తీగ, మునిసిపాలిటీ నల్లా, వీధిదీపం ఏవీ లేని చోట ఒక రాత్రి పడుకోవాలన్నదే అందరి కోరిక.

మూడు చోట్లా ఉండి చూశాను కాబట్టి నా తీర్పు ముందే చెప్పేస్తాను. జీవితంలో ఒక్కసారికైతే హాన్లేకు సాటి లేదు. అరవై దాటినవాళ్లు వెంట ఉంటే మొజావే. ఏటా వెళ్లి రావాలంటే మన చెలకే, అదీ కార్తీకం నుంచి మాఘం దాకా. ఈ లెక్క ఎందుకు వచ్చిందో తెలియాలంటే అసలు ఎత్తయిన ఎడారుల్లో క్యాబిన్ బతుకు ఎలా సాగుతుందో చూడాలి.

మొజావేలోని చిన్న ఇళ్లు నిన్నమొన్నటి ఫ్యాషన్ కాదు. లాస్ ఏంజెలెస్‌కు తూర్పున, కారులో రెండు మూడు గంటల దూరంలో జాషువా ట్రీ జాతీయ పార్కు ఉంది. 1936లో రక్షిత ప్రాంతంగా మొదలై 1994లో జాతీయ పార్కు అయింది. దాని చుట్టుపక్కల ఎడారిలో 1938 నాటి చట్టం ప్రకారం అమెరికా ప్రభుత్వం ఐదేసి ఎకరాల ముక్కలను జనానికి చవకగా ఇచ్చింది. షరతు ఒకటే, అందులో చిన్న ఇల్లు కట్టాలి. ఒకటి రెండు గదుల ఇళ్లు వందల కొద్దీ లేచాయి. నీళ్లు లేవు, కరెంటు లేదు. చాలామంది వదిలేసి వెళ్లిపోయారు. అయినా కొన్నింటి చెక్క గోడలు ఇన్ని దశాబ్దాల తర్వాత కూడా నిలబడి ఉన్నాయి. వాటిలో కొన్నింటిని బాగు చేసి, సోలార్ ప్యానెళ్లు పెట్టి ఇప్పుడు అద్దెకిస్తున్నారు.

చెక్క అన్నాళ్లు నిలవడానికి కారణం అక్కడి పొడి గాలి. జాషువా ట్రీ చుట్టుపక్కల ఏడాదికి పడే వాన 150 మిల్లీమీటర్ల లోపే. లడఖ్‌లోని లేహ్‌లో దాదాపు 100. మన ములుగు జిల్లాలో వెయ్యి దాటుతుంది. ఎడారి క్యాబిన్‌లో మనకు నచ్చేవన్నీ, అంటే స్వచ్ఛమైన ఆకాశం, దోమలు లేని రాత్రి, వాసన రాని మరుగుదొడ్డి, చెద పట్టని గోడ, ఆ పొడిదనం ఇచ్చినవే. ఫోటో చూసి అదే గదిని తెచ్చి మన నల్లరేగడిలో పెడితే ఆషాఢం దాటేసరికి దాని సంగతి తెలిసిపోతుంది.

ముందుగా నీళ్ల సంగతి. మొజావేలోని మారుమూల క్యాబిన్లలో చాలా వాటికి నీళ్లు ట్యాంకరుతోనో డబ్బాలతోనో తేవాలి. గోడ బయట ప్లాస్టిక్ ట్యాంకు, దాని పక్కన నిలువుగా ఒక సన్నని పారదర్శక గొట్టం. అందులో నీటి గీత ఎక్కడుందో చూసి స్నానం చేయాలా, తడిగుడ్డతో ఒళ్లు తుడుచుకుని ఊరుకోవాలా అన్నది తేల్చుకోవాలి. మన నగరాల నీటి సరఫరాకు పెట్టుకున్న ప్రమాణం మనిషికి రోజుకు 135 లీటర్లు. అక్కడ వంట, పాత్రలు, స్నానం అన్నీ ఇరవై లీటర్ల క్యాను ఒక్కదానితో సరిపెట్టుకోవచ్చని రెండో రోజుకు అర్థమవుతుంది. తాగడానికే మనిషికి రోజుకు ఒక గ్యాలన్, అంటే దాదాపు నాలుగు లీటర్లు, దగ్గర ఉంచుకోమని పార్కువాళ్లు చెబుతారు. ఇది తగ్గించకూడని లెక్క. పొడి గాలిలో చెమట పట్టినట్టే తెలియదు, పెద్దవాళ్లకు దాహం కూడా ఆలస్యంగా తెలుస్తుంది.

మరుగుదొడ్డి గురించి మొహమాటం లేకుండా మాట్లాడుకోవాలి, ఎందుకంటే మనవాళ్లు ఎక్కువ ఇబ్బంది పడేది అక్కడే. లడఖ్ పల్లెల్లో పాతకాలపు పొడి మరుగుదొడ్డి రెండంతస్తులది. పై గదిలో నేల మధ్య కన్నం, మూలన పొడిమట్టి కుప్ప, అందులో గుచ్చిన పార. పని అయ్యాక రెండు పారల మట్టి కింద పడేస్తే చాలు. కింది గదిలో అదంతా ఎరువుగా మారి పొలానికి వెళ్తుంది. అమెరికా క్యాబిన్లలో ఇదే పని రంపపు పొట్టుతో చేస్తారు. రెండు చోట్లా సూత్రం ఒకటే, అందులో నీళ్లు పడకూడదు. నీళ్లతో కడుక్కోవడం మన అలవాటు కాబట్టి, ఆ నీళ్లు వేరుగా పోయే ఏర్పాటు ఉందో లేదో గది తీసుకునే ముందే అడగండి. మన చెలకలో ఈ పద్ధతి ఎండాకాలంలో నడుస్తుంది కానీ శ్రావణంలో ఎంత బూడిద చల్లినా తేమ ఆరదు. అందుకే మన దగ్గర రెండు గుంతల మరుగుదొడ్డి కట్టుకోవడమే తెలివైన పని. ఒకటి నిండాక రెండోదానికి మళ్లించవచ్చు.

ఇక హాన్లే. లేహ్ నుంచి రెండు వందల యాభై కిలోమీటర్లకు పైగా దూరం. ఊరు దాదాపు 4,300 మీటర్ల ఎత్తులో ఉంటే, పక్కన కొండ మీద 4,500 మీటర్ల ఎత్తులో భారతీయ ఖగోళ వేధశాల ఉంది. అందులో రెండు మీటర్ల అద్దంతో హిమాలయన్ చంద్ర టెలిస్కోపు పనిచేస్తోంది. 2022లో ఈ ప్రాంతాన్ని మన దేశపు తొలి డార్క్ స్కై రిజర్వుగా, అంటే రాత్రి చీకటిని కాపాడే ప్రాంతంగా, ప్రకటించారు. ఊళ్లోవాళ్లకే టెలిస్కోపులు ఇచ్చి, వచ్చినవాళ్లకు ఆకాశం చూపించేలా శిక్షణ ఇచ్చారు. ఆ పని ఊరివాళ్లకే దక్కేలా చేసినందుకు నాకు ఆ ఏర్పాటంటే ఎంతో గౌరవం. బస కూడా వాళ్ల ఇళ్లలోనే. మందమైన మట్టి ఇటుక గోడలు, చిన్న కిటికీలు, పగలు మింగిన ఎండను రాత్రికి తిరిగిచ్చే దక్షిణపు గది.

కానీ అక్కడ ఊపిరి ఉచితం కాదు. వరంగల్ సముద్రమట్టానికి మూడు వందల మీటర్ల లోపే ఉంది. హాన్లేలో ఒక్కో ఊపిరికి అందే ఆక్సిజన్ మనకు ఇక్కడ అందేదానిలో దాదాపు అరవై శాతం. విమానంలో లేహ్ చేరితే 3,500 మీటర్ల దగ్గర కనీసం రెండు రోజులు ఊరికే పడుకోవాలి. ఆ పైన రాత్రి నిద్ర ఎత్తు రోజుకు ఐదు వందల మీటర్లకు మించి పెంచకూడదన్నది వైద్యులు చెప్పే నియమం. కాబట్టి దారిలో చుమాథాంగ్‌లో ఒక రాత్రి ఆగడం మంచిది. తలనొప్పి, వాంతులు మొదలై తగ్గకపోతే మందు కోసం వెతకడం కాదు, కిందికి దిగాలి. నీళ్లు అక్కడ 86 డిగ్రీల దగ్గరే మరుగుతాయి, మామూలు గిన్నెలో కందిపప్పు గంటలు గడిచినా ఉడకదు. గుండె జబ్బు, ఊపిరితిత్తుల జబ్బు ఉన్నవాళ్లను వైద్యుడిని అడగకుండా అక్కడికి తీసుకెళ్లడం తప్పు. సరిహద్దు దగ్గర కాబట్టి పర్మిట్ నియమాలు కూడా ముందే కనుక్కోవాలి.

మొజావేకు ఈ చిక్కు లేదు. జాషువా చెట్లు పెరిగే భాగం తొమ్మిది వందల మీటర్లు, ఆ పైన మాత్రమే. మోకాళ్లు నొప్పిగా ఉన్న అత్తమ్మ కూడా కారు దిగి పది అడుగులు వేస్తే గది చేరుతుంది. అక్టోబరు చివరలో పగలు ముప్పైకి చేరువగా ఉన్నా రాత్రి పదీ పన్నెండు డిగ్రీలకు దిగుతుంది. జూన్ నుంచి సెప్టెంబరు దాకా మాత్రం వెళ్లొద్దు. పగలు నలభై దాటుతుంది, సోలార్ క్యాబిన్‌లో ఏసీ ఉంటుందన్న నమ్మకం లేదు. చాలా చోట్ల ఫోను సిగ్నల్ ఉండదు, దారి మ్యాపును ముందే ఫోనులో దించుకోండి.

ఆకాశం విషయంలో మాత్రం ఒక మాట గట్టిగా చెప్పాలి. జాషువా ట్రీకి 2017లో డార్క్ స్కై పార్కు గుర్తింపు వచ్చింది, అయినా పడమటి వైపు లాస్ ఏంజెలెస్, పామ్ స్ప్రింగ్స్ వెలుగు దిగంతాన్ని పసుపు చేస్తుంది. తూర్పు భాగం మేలు. హాన్లే వీటన్నిటికీ మించింది, గాలి పలుచన, తేమ లేదు. కానీ జాషువా ట్రీ, హాన్లే రెండూ ముప్పై రెండు నుంచి ముప్పై నాలుగు డిగ్రీల ఉత్తర అక్షాంశంలో ఉన్నాయి, మనం పద్దెనిమిది దగ్గర. అందువల్ల దక్షిణపు చుక్కలు మనకే బాగా కనిపిస్తాయి. అగస్త్య నక్షత్రం హాన్లేలో దిగంతానికి నాలుగైదు డిగ్రీలే లేచి కొండల వెనక దాగుతుంది, వరంగల్‌లో పంతొమ్మిది డిగ్రీల ఎత్తున వెలుగుతుంది. పాలపుంత నడిబొడ్డు వాళ్లకు ఇరవై ఎనిమిది డిగ్రీలకు మించి ఎక్కదు, మనకు నలభై మూడు దాకా ఎక్కుతుంది. చీకటి ఉండాలే గానీ మన ఆకాశం తక్కువది కాదు.

ఆ చీకటి కోసమే ములుగు వైపు పోవాలి. లక్నవరం కాటేజీలు, తాడ్వాయి గుడిసెలు చక్కగా ఉంటాయి, కుటుంబంతో వెళ్లడానికి హాయి. కానీ వాటికి కరెంటు ఉంది, దీపాలు ఉన్నాయి, అడవిలో చెట్ల కొమ్మలు ఆకాశాన్ని కప్పేస్తాయి. మనం అనుకునే బస కావాలంటే సొంత చెలకలోనో తెలిసినవాళ్ల చెలకలోనో ఒక గది ఉండాలి.

ఆ గది ఎలా కట్టాలన్నదే అసలు ప్రశ్న. ఇనుప కంటైనరు గది తెచ్చి దించడం ఇప్పుడు తేలికైపోయింది. వద్దు. మే నెలలో మన దగ్గర రాత్రి కూడా ముప్పై డిగ్రీల దగ్గరే ఆగుతుంది. ఎడారిలో లాగా అర్ధరాత్రికి గోడ చల్లబడదు, ఇనుప పెట్టె రాత్రంతా సెగ కక్కుతుంది. ఎత్తు అరుగు, మట్టి గోడ, పెంకు కప్పు, గోడ తడవకుండా బయటికి చాచిన చూరు, కిటికీలకు జాలి. మన తాతలు వానకు, ఎండకు కలిపి కట్టిన ఇల్లు ఇది. చెక్క క్యాబిన్ అయితే చెదలకు విందు.

సోలార్ లెక్క చిన్నదే. తక్కువ కరెంటు లాగే బీఎల్‌డీసీ ఫ్యాను ముప్పై వాట్లు, పది గంటలకు 300 వాట్ అవర్లు. తొమ్మిది వాట్ల నాలుగు బల్బులు ఐదు గంటలు వెలిగితే 180. ఫోన్లకు మరో నలభై. మొత్తం అర యూనిట్‌కు కాస్త ఎక్కువ. పన్నెండు వోల్టుల, వంద ఆంపియర్ అవర్ల లిథియం బ్యాటరీ ఒక్కటి ఉంటే ఎండ లేకపోయినా రెండు రాత్రులు గడుస్తాయి. మూడు వందల వాట్ల ప్యానెల్ మంచి ఎండలో దాన్ని ఒక రోజులో దాదాపు నింపేస్తుంది. ఇందులో ఏసీ ఇరికించాలని చూడకండి. ఒక టన్ను ఏసీ గంటకు దాదాపు ఒక యూనిట్ లాగుతుంది, రాత్రి ఎనిమిదికి వేస్తే తొమ్మిదిన్నరకు చీకటే. ఇంకో సంగతి, ప్యానెల్ వేడెక్కే కొద్దీ ఉత్పత్తి తగ్గుతుంది. 25 డిగ్రీలు దాటాక డిగ్రీకి 0.35 నుంచి 0.4 శాతం పోతుంది. లడఖ్ చలిలో ప్యానెళ్లు బాగా పనిచేయడానికి ఇదే కారణం. మన దగ్గర ప్యానెల్‌ను కప్పుకు అంటించకుండా కింద గాలి ఆడేలా ఎత్తుగా బిగించాలి.

భయపడవలసినవి ఎక్కడైనా ఉన్నాయి. మొజావేలో గిలకపాము, తేలు, బూట్లు దులిపి వేసుకోవాలి. మన దగ్గర కట్లపాము అంతకంటే ప్రమాదం. రాత్రి నేల మీద పడుకున్నవాళ్లనే ఎక్కువగా కరుస్తుంది, నొప్పి, వాపు లేకపోవడంతో కరిచిందని కూడా తెలియకపోవచ్చు. మంచం, దాని మీద దోమతెర, అంచులు పరుపు కిందికి దోపాలి. ఏజెన్సీ ప్రాంతంలో మలేరియా కూడా ఉంది కాబట్టి ఆ తెర రెండు విధాలా కాపాడుతుంది. యాంటీవీనమ్ ఉన్న ఆసుపత్రి ఎంత దూరమో గది కట్టకముందే తెలుసుకోవాలి.

ఖర్చు గురించి చెప్పడానికి పెద్దగా లేదు. చెలక గదికి ఒకసారి పెట్టిన డబ్బు ఏళ్ల తరబడి పనికొస్తుంది. హాన్లేకు విమానం, టాక్సీ, విశ్రాంతి రోజులు అన్నీ కలిపి వారం సెలవు కావాలి. మొజావే ఎలాగూ పిల్లల దగ్గరికి వెళ్లినప్పుడే.

ఎక్కడికి వెళ్లినా రోజు మాత్రం గోడ మీది తెలుగు క్యాలెండరు చూసి ఎంచుకోండి. పౌర్ణమి వారంలో హాన్లే వెళ్లి పాలపుంత కనిపించలేదంటే తప్పు హాన్లేది కాదు. చెలకకైతే కార్తీక, మార్గశిర, పుష్య అమావాస్యల చుట్టూ నాలుగైదు రోజులు బాగుంటాయి. కార్తీకంలో కృత్తికలు పొద్దుగూకగానే తూర్పున లేస్తాయి, పుష్యంలో భోజనాలయ్యాక దక్షిణాన అగస్త్యుడు కనిపిస్తాడు. పాలపుంత నడిబొడ్డు కావాలంటే శివరాత్రి జాగారం అక్కడే చేయండి, తెల్లవారుజామున మూడు, నాలుగు గంటల మధ్య ఆగ్నేయాన పైకి వస్తుంది. రెండేళ్లకోసారి మాఘ పౌర్ణమికి మేడారం జాతర ఉంటుంది. ఆ వారం ములుగు రోడ్డు మీద బండి కదలదు, చెలక ప్రయాణం అమావాస్యకు పెట్టుకోండి.