చీరల గోదాములో నాలుగేళ్ల ఆర్‌ఎఫ్‌ఐడీ వాడకం

హైదరాబాదు శివారులో చీరల టోకు వ్యాపారం చేసే ఒక సంస్థకు నేను గోదాము బాధ్యతలు చూస్తున్నాను. గద్వాల, పోచంపల్లి, ధర్మవరం, మంగళగిరి నుంచి వచ్చిన సరుకు మా దగ్గర దిగి, చీర చీరకూ చీటీ పడి, రెండు రాష్ట్రాల్లోని దుకాణాలకు వెళుతుంది. నాలుగేళ్ల క్రితం మామూలు బార్‌కోడ్ చీటీల స్థానంలో ఆర్‌ఎఫ్‌ఐడీ ట్యాగులు, అంటే రేడియో తరంగాలతో కాస్త దూరం నుంచే చదవగలిగే చీటీలు, మొదలుపెట్టాము. అమ్మేవారు చెప్పినదానిలో సగం నిజమైంది, మిగతా సగానికి మేమే దారులు వెతుక్కున్నాము.

ట్యాగులో బ్యాటరీ ఉండదు. దాన్ని చదివే పరికరమైన రీడరు పంపే రేడియో తరంగాల నుంచే కాస్త శక్తి తీసుకుని, తనలోని సంఖ్యను తిరిగి వినిపిస్తుంది. టోల్ గేటు దగ్గర లారీ అద్దం మీది ఫాస్టాగ్ పనిచేసేదీ ఇదే పద్ధతిలో. మన దేశంలో ఈ రీడర్లు 865 మెగాహెర్ట్జ్ మొదలుకొని ఉన్న తరంగాల పట్టీలో (ఫ్రీక్వెన్సీ బ్యాండులో) పనిచేయాలి, అమెరికాలో అది 902 నుంచి 928 వరకు ఉంటుంది. అందువల్ల బయటి నుంచి తెప్పించిన రీడరు కొనేవారు దానిలో భారతదేశపు అమరిక ఉందో లేదో ముందే చూసుకోవాలి.

ఈ పద్ధతికి పెట్టిన ఖర్చు స్టాకు లెక్కింపు ఒక్కదానితోనే సార్థకమైందని నా అభిప్రాయం. పూర్వం సంవత్సరాంతపు లెక్కకు రెండు రోజులు గోదాము మూసి, ఎనిమిది మంది కూర్చుని ప్రతి చీర చీటీనీ తిప్పి చూసేవారు. ఇప్పుడు ఇద్దరు మనుషులు చేతి రీడర్లతో అరల మధ్య నడుచుకుంటూ పోతే ఒక పూటలో పని తెమిలిపోతుంది, అందుకే ఏడాదికోసారి చేసే లెక్కను నెలకోసారి చేస్తున్నాము. మా హమాలీ మేస్త్రీ మొదటి రోజు ఇదంతా చూసి, "డబ్బా విప్పకుండానే లెక్క వస్తుంటే ఇక మా మీద అనుమానాలుండవు కదా సార్" అన్నాడు. ఆ మాట నాకు కొంచెం గుచ్చుకుంది.

చిక్కు మొదట జరీతో వచ్చింది. లోహం రేడియో తరంగాలను అడ్డుకుంటుందని తెలిసినా, చీరలోని జరీ కూడా లోహమేనని మాలో ఎవరికీ తట్టలేదు. ధర్మవరం పట్టుచీరలు నూట ఇరవై పంపితే, లారీకి సరుకు ఎక్కించే తలుపు దగ్గర అమర్చిన గేటు రీడరు నూట పద్నాలుగే చూపింది. డబ్బాలన్నీ విప్పి చూస్తే సరుకు సరిగానే ఉంది. రీడరుకు చిక్కని ఆరు ట్యాగులూ జరీ కొంగు మడతల మధ్య నలిగి ఉన్నాయి. అప్పటి నుంచి ట్యాగును మడతలో దూర్చకుండా, జరీ లేని వైపున దారంతో బయటికి వేలాడదీస్తున్నాము. దానితో చాలావరకు సర్దుకుంది కానీ, బరువైన జరీ చీరలను ఒకే అట్టపెట్టెలో బిగించి పేర్చితే ఇప్పటికీ ఒకటి రెండు తప్పిపోతూనే ఉంటాయి.

గేటు దగ్గరే దీనికి సరిగ్గా వ్యతిరేకమైన ఇబ్బంది కూడా వచ్చింది. తలుపు పక్క అరలో కదలకుండా కూర్చున్న చీరలు సైతం లారీ ఎక్కినట్లు నమోదయ్యేవి. రీడరు శక్తి తగ్గించి, ఆ అరకు వెనుక ఇనుప జల్లెడ తెర కట్టించి, తలుపుకు రెండు మీటర్ల లోపు ఏ సరుకూ దించకూడదని గీత గీసిన తరువాతే అది నిలిచింది. ఎదుట ఉన్న ట్యాగు ఏదో మాత్రమే రీడరుకు తెలుస్తుంది, అది వెళుతున్నదో నిలబడి ఉన్నదో తేల్చవలసింది మనం పెట్టుకున్న ఏర్పాటు.

అన్నింటికంటే నిద్ర పోగొట్టింది ట్యాగుల ముద్రణ యంత్రం. ఒకరోజు మధ్యలో కాగితం ఇరుక్కుంటే, ఆపరేటరు ఆ జాబితాను మొదటి నుంచి మళ్లీ నడిపాడు. అంటే యాభై సంఖ్యలు రెండేసి ట్యాగుల మీద పడ్డాయి. ఒకే సంఖ్య ఎన్నిసార్లు వినిపించినా లెక్కలో ఒక్కటిగానే చేరుతుంది కనుక, ఆ నెలలో యాభై చీరలు మాయమైనట్లు కనిపించింది. దొంగతనమేమోనని యజమాని గారు సీసీ కెమెరాల దృశ్యాలు కూడా తీయించారు. చివరికి చిప్పు తయారీలోనే పడే, మార్చడానికి వీలులేని మరో సంఖ్యను చదివి చూడగా జంటలు బయటపడ్డాయి. కొత్తగా మొదలుపెట్టేవారు ఆ రెండో సంఖ్యను మొదటి రోజు నుంచే నమోదు చేసుకోవడం మంచిది. ట్యాగు మీద బార్‌కోడ్‌ను కూడా ముద్రించండి, రీడరు మొరాయించిన రోజున అదే దిక్కు.

ఇప్పటికీ తీరని సమస్య వాపసు సరుకు. కొనుగోలుదారు చూసి వద్దన్న చీర ట్యాగు తెగిపోయి, లేదా దుకాణంవారు కత్తిరించి, తిరిగి మా దగ్గరికి వస్తుంది. అది ఏ బేలులో వచ్చిందో, ఏ ధర చీరో పాత సంఖ్య లేకుండా తెలియదు. వాటిని నేతనూ రంగునూ బట్టి పోల్చి కొత్త సంఖ్యలు వేయడానికి ఒక అనుభవజ్ఞుణ్ని విడిగా కూర్చోబెడుతున్నాము. ఈ వారం అటువంటివి పదకొండు వచ్చాయి.