ఎండిన సెల్ తడవనంది: మాడ్‌ఫ్లోతో తొమ్మిదేళ్లు

మాడ్‌ఫ్లో అంటే భూగర్భజలాల కదలికను లెక్కకట్టే ప్రోగ్రాం. అది ఉచితమని, సోర్స్ కోడ్ అందరికీ దొరుకుతుందని, భూగర్భజలాల మోడలింగ్ చేసేవాళ్లలో చాలామంది చేయి తిరిగేది దానిమీదేనని మీకు తెలుసు. ఫైనైట్ డిఫరెన్స్ సంగతి, అంటే నేలను గళ్లుగా కోసి ఒక్కో గడికి (సెల్‌కు) నీటిమట్టం లెక్కకట్టడం, కూడా చెప్పను. ఈ తొమ్మిదేళ్లలో నన్ను ఏడిపించిందీ, ఆ తర్వాత నలుగురికీ గొప్పగా చెప్పుకునేలా చేసిందీ ఒకటే విషయం: సెల్‌లో నీళ్లు అయిపోతే ఈ ప్రోగ్రాం ఏం చేస్తుంది?

నేను మొదలుపెట్టింది 2015లో, మాడ్‌ఫ్లో-2005తో. హైదరాబాద్‌కు దక్షిణాన గ్రానైట్ నేలలో ఒక చిన్న వాటర్‌షెడ్, అంటే వాన నీళ్లన్నీ ఒకే వాగుకు చేరే ప్రాంతం. లేయర్లు రెండే. పైన పదిహేను, పద్దెనిమిది మీటర్ల మొరం. కింద పగుళ్ల రాయి, బోర్లు వేసేవాళ్లు ‘గ్యాపు తగిలింది’ అనేది అక్కడే. సెల్ సైజు వంద మీటర్లు, నెలకో స్ట్రెస్ పీరియడ్ (వాన, పంపింగ్ అంకెలు మారకుండా ఉండే కాలం).

మన నేలల్లో ఈ ఎండే గొడవ ఎందుకంత పెద్దదో ఒక్క లెక్క చాలు. ఇలాంటి రాతిలో స్పెసిఫిక్ యీల్డ్, అంటే మట్టం దిగినప్పుడు రాతి నుంచి బయటికొచ్చే నీటి వంతు, చాలా తక్కువ. మహేశ్వరం వాటర్‌షెడ్‌లో హైదరాబాద్ భూభౌతిక పరిశోధన సంస్థ ఎన్‌జీఆర్‌ఐ వాళ్లు, ఫ్రెంచి వాళ్లు కలిసి చేసిన పనిలో తేలింది 1.4 శాతం. అంటే వంద మిల్లీమీటర్ల రీఛార్జ్ (నేలలోకి ఇంకే నీరు) అయితే నీటిమట్టం ఏడు మీటర్లు లేస్తుంది. యాసంగి వరికి మోటార్లు ఆన్ చేస్తే అంతే వేగంగా దిగుతుంది. పదిహేను మీటర్ల లేయర్‌లో ఏటా ఇంత ఊగిసలాట ఉంటే పై సెల్ ఎండడం, తడవడం మామూలే. దాన్ని మామూలుగా తీసుకోనిది మాడ్‌ఫ్లో-2005లోని పాత పద్ధతి. ఇటరేషన్ (జవాబు కుదిరేదాకా మళ్లీ మళ్లీ చేసే లెక్క) మధ్యలో కాస్త తూలి నీటిమట్టం సెల్ అడుగు కిందికి పోయిందా, అంతే, ఆ సెల్ ‘డ్రై’. మోడల్‌లోంచి తీసేస్తుంది. నిజంగా నీళ్లు అయిపోయాయా, ఆ లెక్క తేల్చే సాల్వర్ తొందరపాటా అని వెనక్కి చూడదు. ఆ సెల్‌లోని బావి పంపింగ్ కూడా దానితోపాటే పోతుంది.

మాన్యువల్‌లో ఇదంతా రాసే ఉంది. చదివి ‘మన దగ్గర అంత రాదులే’ అనుకున్నది నేను.

2020 అక్టోబర్ వానలు మీకు గుర్తుండే ఉంటాయి. నవంబర్ ఆఖరుకు రిపోర్టు ఇవ్వాలి. ఒక పొద్దున మా పరిశీలన బావులున్న ఊళ్లోంచి ఒక పెద్దాయన ఫోన్ చేశాడు. “సారూ, బాయి నిండింది. మెట్లు మునిగినయ్. మీ కంప్యూటర్ల ఎంతున్నయ్ నీళ్లు?” కంప్యూటర్‌లో ఆయన బావి ఉన్న సెల్ 2018 ఎండాకాలంలోనే ఎండిపోయింది. మళ్లీ లేవలేదు. ఆయన పొలం చుట్టూ ఇంకో నలభై సెల్లు అదే తీరు. వాటర్ బడ్జెట్ (వచ్చిన నీళ్లకూ పోయిన నీళ్లకూ లెక్క) తెరిస్తే తేడా 0.00 శాతం. చక్కగా కుదిరింది, ఎందుకంటే పోయిన సెల్ల రాకా లేదు, పోకా లేదు.

తవ్వి చూస్తే అంతకంటే సిగ్గుపడే సంగతి బయటపడింది. రీఛార్జ్ ప్యాకేజీలో ఒకే ఒక్క అంకె ఉంటుంది, వాన ఏ లేయర్‌కు పోవాలో చెప్పేది. నేను 1 పెట్టాను, అంటే పై లేయర్‌కే. పై సెల్ ఎండిపోతే దానిమీద పడ్డ వాన ఎక్కడికీ పోదు, లెక్కలోంచే మాయమవుతుంది. రెండేళ్లుగా ఆ నలభై సెల్ల మీద చుక్క పడలేదు. హైదరాబాద్ మునిగిన నెలలో నా మోడల్‌లో కరువు.

సరే, 1 తీసి 3 పెట్టాను. పైన నీళ్లున్న సెల్ ఏదైతే దానికి వాన పోతుంది. ఈసారి వాన అంతా తిన్నగా రాతి లేయర్‌లో పడింది. పై సెల్ ఇంకా చచ్చే ఉంది కాబట్టి కింది లేయర్ తన పైకప్పు దాటగానే కన్‌ఫైన్డ్ లెక్కలోకి, అంటే పైన మూత బిగించిన పొర లెక్కలోకి, వెళ్లిపోయింది. నిల్వ గుణకం (మట్టం మీటరు మారితే పట్టే నీటి కొలత) వందల రెట్లు చిన్నదైంది. నీటిమట్టం నేలకు పద్నాలుగు మీటర్ల పైన తేలింది. ఊళ్లో అంత ఎత్తు ఫౌంటెన్ ఉంటే ముందు ఆ పెద్దాయనే చెప్పేవాడు.

ఇక మిగిలింది రీవెటింగ్, అంటే ఎండిన సెల్‌ను మళ్లీ తడపడం. ఇందులో ‘వెట్‌డ్రై’ అని ఒక అంకె ఇవ్వాలి. గుర్తు తీసేస్తే మిగిలే అంకె త్రెష్‌హోల్డ్: పక్క సెల్‌లోనో కింది సెల్‌లోనో మట్టం ఈ సెల్ అడుగుకు అంత పైకి వస్తేనే ఇది తడుస్తుంది. పాజిటివ్ అయితే కింది సెల్‌తోపాటు చుట్టూ ఉన్న నాలుగు సెల్లనూ చూస్తుంది, నెగెటివ్ అయితే కిందిదొక్కటే. 0.1 పెడితే సెల్లు తడవడం, ఎండడం, తడవడం, రాత్రంతా ఇదే, కన్వర్జెన్స్ లేదు, అంటే లెక్క ఒక జవాబు దగ్గర ఆగలేదు. 1.0 పెడితే కన్వర్జ్ అయింది గాని తడవాల్సిన సగం సెల్లు తడవలేదు. మధ్యలో 0.5 పెట్టి పని గట్టెక్కించాను. నేను ఎంచుకున్న ఒక అంకెను బట్టి ఊళ్లో ఎన్ని బావులకు నీళ్లొచ్చాయో మారుతుంటే, అది హైడ్రాలజీయా, నా ఇష్టమా? రిపోర్టు పదకొండు రోజులు ఆలస్యంగా ఇచ్చాను.

2021లో న్యూటన్ పద్ధతికి, అంటే సమీకరణాలను తేల్చే వేరే తీరుకు, మారాను. కొత్తదేం కాదు, 2011లోనే మాడ్‌ఫ్లో-ఎన్‌డబ్ల్యూటీగా వచ్చింది. 2017లో మాడ్‌ఫ్లో 6లో భాగమైంది. నేనే బద్ధకంగా పాతదాన్ని పట్టుకుని వేళ్లాడాను. ఇక్కడ సెల్‌ని తీసేయడం లేదు. సెల్‌లో నీళ్లు తగ్గేకొద్దీ దాని వాహకత (నీళ్లు పారనిచ్చే శక్తి) నున్నగా సున్నా వైపు జారుతుంది. రెండు సెల్ల మధ్య ప్రవాహం ఎగువ సెల్‌లోని నీటి మందాన్ని బట్టి ఉంటుంది. మన చెరువు తూములాగే: ఎండిన చెరువుకు తూము ఎత్తినా కిందికి నీళ్లు రావు, కానీ పైనుంచి వాగు వస్తే నిండడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. ఆ ఒక్క మార్పుతో నా నలభై సెల్లు 2020 అక్టోబర్‌లో వాటంతట అవే తడిశాయి. వెట్‌డ్రై లేదు, త్రెష్‌హోల్డ్ లేదు. పెద్దాయన బావి సెల్‌లో వచ్చిన మట్టానికీ, మేం టేపు వేసి కొలిచినదానికీ తేడా మీటరున్నర. ఆ గ్రాఫు ప్రింటు తీసి నా టేబుల్ దగ్గర అంటించుకున్నాను.

ఖర్చు లేకపోలేదు. సమీకరణాల మ్యాట్రిక్స్ సిమెట్రీ పోతుంది కాబట్టి కాంజుగేట్ గ్రేడియంట్ అనే సాల్వర్ పద్ధతి పనికిరాదు, బైసీజీస్టాబ్ అనేది పెట్టాలి. నాలుగు నిమిషాల రన్ పదకొండు నిమిషాలైంది. కాంప్లెక్సిటీ ఆప్షన్ ‘సింపుల్’లో వదిలేస్తే మొదటి వానాకాలంలోనే చతికిలపడింది. ‘కాంప్లెక్స్’ పెట్టి అండర్-రిలాక్సేషన్ (ఒక్కో ఇటరేషన్‌లో మార్పును తగ్గించడం) మీద రెండు వారాలు కూర్చున్నాను. పాత ఫైళ్లు కొత్తదాంట్లో నేరుగా నడవవు. మాడ్‌ఫ్లో ఫైళ్లు తయారుచేసే ఫ్లోపై లైబ్రరీ వాడుతూ పైథాన్‌లో మళ్లీ రాసుకున్నాను, దానివల్ల చివరికి మేలే జరిగింది.

ఆ ఏడాదంతా కనిపించినవాళ్లకల్లా న్యూటన్ పెట్టుకోమని చెప్పాను. ఇప్పటికీ చెబుతాను, కాకపోతే గొంతు కాస్త తగ్గించి.

2023లో ఒక అంచనా అడిగారు, పంపింగ్ మూడో వంతు పెరిగితే ఏమవుతుందని. పెంచి రన్ చేశాను. మట్టాలు పెద్దగా దిగలేదు. సంతోషించి స్లైడ్లు కూడా చేశాను. అవి చూపించే ముందు రోజు సాయంత్రం ఎందుకో అనుమానమొచ్చి, బావుల పంపింగ్ అంకెలుండే వెల్ ప్యాకేజీలో ‘ఆటో ఫ్లో రెడ్యూస్’ తాలూకు సీఎస్‌వీ ఫైలు తెరిచాను. సెల్‌లో నీటి మందం చివరి పది శాతానికి రాగానే పంపింగ్‌ను మెల్లగా సున్నాకు దించే ఆప్షన్ అది. మార్చి నుంచి మే దాకా నేను అడిగిన పంపింగ్‌లో దాదాపు పావు వంతు అసలు జరగనే లేదు. మట్టాలు దిగకపోవడానికి కారణం నేల గొప్పతనం కాదు, మోటార్లు ఆగిపోవడం. ఆ ఆప్షన్ తీసేస్తే ఇంకా ఘోరం, మట్టం సెల్ అడుగు కంటే కిందికి పోయి లేని నీళ్లను తోడుతూ కూర్చుంటుంది.

అది తప్పని నేననను. మే నెలలో మన బోర్లు చేసేది సరిగ్గా అదే, అరగంట పోసి గాలి వదులుతాయి. ఉచిత కరెంటు ఇరవైనాలుగు గంటలు ఉన్నా రాతిలో నీళ్లుండాలిగా. కానీ పాత పద్ధతి బావిని తీసేసినప్పుడు నేను తిట్టిందీ, కొత్తది బావిని ఆపేసినప్పుడు మెచ్చుకున్నదీ దాదాపు ఒకే పని. రెండోది కాస్త మర్యాదగా చేస్తుంది, చేసినట్టు ఒక ఫైల్లో రాసి పెడుతుంది. ఆ ఫైలు తెరవాల్సింది మనం. ఇప్పుడు నా పట్టికల్లో పంపింగ్‌కు రెండు వరసలు: అడిగింది, దొరికింది.

ఇంకొకటి, కాంటూర్లు (ఒకే మట్టమున్న చోట్లను కలిపే గీతలు) గీసేవాళ్లకు. న్యూటన్‌లో ఎండిన సెల్‌కు కూడా ఒక హెడ్ (నీటిమట్టం) విలువ ఉంటుంది. మాస్క్ చేయకుండా, అంటే ఎండిన సెల్లను దాచకుండా, మ్యాపు గీస్తే నీళ్లే లేని చోట అందమైన నీటిమట్టం కనిపిస్తుంది. మా దగ్గర చేరిన ఇద్దరు పిల్లలు అలాంటివి గీసి తెచ్చారు, చూడగానే నమ్మబుద్ధేసింది.

మారాలా వద్దా అంటే, నావి పలచటి లేయర్లు, గ్రానైట్, వందల బోర్లు. ఇలాంటి చోట పాతదాంతో ఇంకా తంటాలు పడుతున్నవాళ్లు మారిపోవచ్చు, నెల రోజులు పక్కన పెట్టుకుని. కృష్ణా, గోదావరి డెల్టాల్లో మందపాటి ఒండ్రులో పనిచేసేవాళ్లకు సెల్లు ఎండే బెడదే తక్కువ, వాళ్ల తలనొప్పి ఉప్పునీరు. నడుస్తున్న మోడల్‌ని నా మాట విని కదిలించొద్దు. పగుళ్ల రాయిని మొత్తంగా ఒకే స్పాంజిలా అనుకునే దగ్గర వచ్చే తప్పును న్యూటనూ సరిచేయలేదు, అది వేరే కథ.

పాత వెర్షన్ ఫోల్డరు నా డిస్కులో ఇంకా ఉంది. 2019లో ఇచ్చిన రిపోర్టులో పంపింగ్ అంకెలు దానిలోవే. అప్పటికే ఆ నలభై సెల్లు ఎండిపోయి ఉన్నాయి. మొన్న దసరా సెలవుల్లో ఆ అంకెలను మాడ్‌ఫ్లో 6లో మళ్లీ నడపడం మొదలుపెట్టాను, ప్రస్తుతానికి 2016 దాకా వచ్చాను.