లండన్‌లో 'తొలి లేబర్ ప్రభుత్వం' వాక్: నాన్నతో వెళ్లొచ్చాక నా రివ్యూ

లండన్‌లో చరిత్ర నడకలకు కొదవ లేదు. రాజులు, హంతకులు, దెయ్యాలు, ఎవరికి కావాల్సింది వాళ్లకు దొరుకుతుంది. 1924లో బ్రిటన్ కార్మికుల పార్టీ అయిన లేబర్ పార్టీ మొదటిసారి ప్రభుత్వం ఏర్పాటు చేసిన కథ చెప్పే నడక మాత్రం నా కంటపడింది ఇదొక్కటే. టికెట్ 18 పౌండ్లు. దాదాపు మూడు గంటలు పడుతుంది, మధ్యలో కొంత దూరం బస్సు. నేను ఇక్కడ సూపర్‌మార్కెట్‌లో పనిచేస్తాను, మా షాపులో యూనియన్ ప్రతినిధిని కూడా. నాన్న బొగ్గు గనిలో పనిచేసి రిటైరయ్యారు. నన్ను చూడటానికి వచ్చినప్పుడు ఆయన్ని అన్నిటికంటే ముందు తీసుకెళ్లింది దీనికే.

నడక ఫారింగ్‌డన్ స్ట్రీట్‌లో మొదలవుతుంది. 1900 ఫిబ్రవరి 27న ఇక్కడి మెమోరియల్ హాల్లో యూనియన్లు, సోషలిస్టు సంఘాలు కలిసి లేబర్ రిప్రజెంటేషన్ కమిటీ పెట్టుకున్నాయి. తర్వాత లేబర్ పార్టీ అయింది ఈ కమిటీయే. ఆ హాలు ఇప్పుడు లేదు. చూపించడానికి ఏమీ లేని చోట కథ నిలబెట్టడం కష్టమే, కానీ మా గైడ్ నిలబెట్టారు. ఆయన రిటైరైన రైల్వే ఉద్యోగి. టాఫ్ వేల్ కేసు చెబుతుంటే గొంతే మారిపోయింది. సమ్మె వల్ల నష్టపోయామని రైల్వే కంపెనీ యూనియన్ మీద దావా వేస్తే, 1901లో తీర్పు కంపెనీ వైపు వచ్చింది. యూనియన్ 23 వేల పౌండ్ల పరిహారం కట్టాల్సి వచ్చింది. పార్లమెంటులో మనవాళ్లు లేకపోతే సమ్మె హక్కే మిగలదని యూనియన్లకు అప్పుడు అర్థమైంది. ఆ చిన్న కమిటీకి బలం వచ్చింది అక్కడే.

తర్వాత లింకన్స్ ఇన్ ఫీల్డ్స్. కమిటీ కార్యదర్శి రామ్సే మెక్‌డొనాల్డ్ 3వ నంబరు ఇంట్లో కాపురం ఉండేవారు, తొలి రోజుల్లో పార్టీ ఆఫీసు కూడా ఆ ఫ్లాటే. పార్కులో ఆయన భార్య మార్గరెట్ స్మారకం ఉంది. కూర్చునే బెంచీ పైన ఆమె కంచు విగ్రహం, చుట్టూ పసిపిల్లలు. ఆమె 1911లోనే చనిపోయారు. అందుకే 1924లో మెక్‌డొనాల్డ్ ప్రధాని అయినప్పుడు డౌనింగ్ స్ట్రీట్‌లోని ప్రధాని నివాసం నడిపే బాధ్యత 20 ఏళ్ల కూతురు ఇషబెల్ మీద పడింది. ఆ రోజుల్లో దుప్పట్లు, గిన్నెలు, కప్పులు ప్రధానే తెచ్చుకోవాలి. అంతకుముందు ప్రధానులకు అది సమస్యే కాదు. జీతం మీద బతికే కుటుంబానికి కొత్త ఇంట్లో మొదటి ఖర్చే అది. నాకు ఈ నడకలో మనసుకు బాగా తగిలిన ముక్క ఇదే.

ప్రభుత్వ కార్యాలయాలుండే వైట్‌హాల్ దగ్గర అసలు కథ. 1923 డిసెంబరు ఎన్నికల్లో కన్జర్వేటివ్‌లకు 258, లేబర్‌కు 191 సీట్లు వచ్చాయి. ఎవరికీ మెజారిటీ లేదు. మూడో పార్టీ లిబరల్స్ లేబర్‌తో కలిసి ఓటేయడంతో జనవరి 21న కన్జర్వేటివ్ ప్రధాని బాల్డ్విన్ ప్రభుత్వం సభలో ఓడిపోయింది, 22న మెక్‌డొనాల్డ్ ప్రధాని అయ్యారు. స్కాట్లాండ్‌లో పెళ్లికాని పనిమనిషికి పుట్టిన బిడ్డ ఆయన. సరిగ్గా 23 ఏళ్ల కిందట అదే రోజు చనిపోయిన తన నానమ్మ విక్టోరియా ఈ ప్రభుత్వాన్ని చూస్తే ఏమనుకునేదో అని రాజు అయిదో జార్జ్ డైరీలో రాసుకున్నారు.

డౌనింగ్ స్ట్రీట్ గేటు బయట నిలబడి గైడ్ మంత్రుల పేర్లు ఒక్కొక్కటిగా చెప్పారు. పదేళ్ల వయసులో బట్టల మిల్లులో చేరిన క్లైన్స్. ఇంజన్ డ్రైవరుగా పనిచేసిన థామస్. ఇనుప ఫౌండ్రీ నుంచి వచ్చిన హెండర్సన్ హోం మంత్రి. గనిలో దిగిన స్టీఫెన్ వాల్ష్ యుద్ధ మంత్రి. 14 ఏళ్లకే బట్టల కొట్టులో పనికి కుదిరిన మార్గరెట్ బాండ్‌ఫీల్డ్ కార్మిక శాఖలో జూనియర్ మంత్రి, బ్రిటన్‌లో మంత్రి పదవి చేపట్టిన మొదటి మహిళ. షాపులో నిలబడి నిలబడి కాళ్లు లాగే ఉద్యోగం నాది, ఆమె పేరు విన్నప్పుడు కళ్లు చెమర్చాయి. నాన్న వాల్ష్ పేరు దగ్గరే ఆగిపోయారు. "గనిలో దిగినాయన మిలిటరీకి మంత్రా అమ్మా?" అని రెండుసార్లు అడిగారు.

నౌకాదళ మంత్రి చెమ్స్‌ఫర్డ్ అనేసరికి నాన్న మొహం మారింది. జలియన్‌వాలా బాగ్ కాల్పులప్పటి వైస్రాయ్ ఆయనే. అనుభవం ఉన్నవాళ్లు చాలక బయటివాళ్లను తెచ్చుకున్నారని గైడ్ చెప్పారు. పక్కనే కింగ్ చార్లెస్ స్ట్రీట్‌లో ఒకప్పటి ఇండియా ఆఫీస్ భవనం ఉంది. అక్కడ నాన్న అడిగారు: "మా అల్లూరి సీతారామరాజును కొయ్యూరులో కాల్చి చంపింది 1924 మే 7న. అప్పుడు ఇక్కడ ఉన్నది ఈ ప్రభుత్వమే కదా?" నేను అనువదించి చెప్పాను. గైడ్ తప్పించుకోలేదు. అవును, ఈ ప్రభుత్వమే అన్నారు. భారత్ విషయంలో పాత పద్ధతే కొనసాగిందని, విచారణ లేకుండా నిర్బంధించే బెంగాల్ ఆర్డినెన్స్‌కు ఆ అక్టోబరులో వీళ్లే ఒప్పుకున్నారని చెప్పారు. ఆ నిజాయితీకి నేను పూర్తి మార్కులు వేస్తాను. కాకపోతే ఎవరూ అడక్కపోతే ఈ మాట నడకలో రాదు, అది పెద్ద లోటు.

రెండో లోటు ఇంకా పెద్దది. రాజు దగ్గరికి వెళ్లేటప్పుడు మంత్రులు దర్బారు దుస్తులు వేసుకోవాలా వద్దా అన్న గొడవకు, జినోవియెవ్ ఉత్తరానికి చాలా సమయం పోయింది. ఉత్తరం కథ ముఖ్యమే, ఒప్పుకుంటాను. సోవియట్ నాయకుడు జినోవియెవ్ బ్రిటన్ కమ్యూనిస్టులకు రాసినట్టుగా, 1924 అక్టోబరు ఎన్నికల పోలింగ్‌కు నాలుగు రోజుల ముందు డైలీ మెయిల్ పత్రిక అచ్చేసిన ఆ నకిలీ ఉత్తరం పెద్ద దుమారం లేపింది. కానీ జాన్ వీట్లీ గురించి నాలుగు మాటలేనా? ఐర్లాండ్‌లో పుట్టి, స్కాట్లాండ్ గనుల్లో పనిచేసి, ఆరోగ్య మంత్రి అయిన మనిషి. అద్దె ఇళ్లు కట్టే మున్సిపాలిటీలకు ఇంటికి ఏడాదికి 9 పౌండ్ల చొప్పున 40 ఏళ్లపాటు ప్రభుత్వం ఇచ్చేలా చట్టం తెచ్చారు. మైనారిటీ ప్రభుత్వం తొమ్మిది నెలలకే పడిపోయినా చట్టం నిలిచింది, 1933 దాకా 5 లక్షలకు పైగా ఇళ్లు దాని కింద లేచాయి. కార్మికుల పార్టీ అధికారంలోకి వస్తే ఏమవుతుంది అని ఎవరైనా అడిగితే నేను చూపించేది ఆ ఇళ్లనే.

చివరి మజిలీ విక్టోరియా దగ్గర ఎక్లస్టన్ స్క్వేర్. 33వ నంబరు ఇంట్లో అప్పుడు లేబర్ పార్టీ ఆఫీసు ఉండేది. అంతకుముందు అదే ఇంట్లో చర్చిల్ ఉన్నారు. లేబర్ ప్రభుత్వం రావడం దేశానికి పెద్ద దురదృష్టమని 1924 జనవరిలో అన్నది ఆయనే. ఈ మజిలీని ఆఖరికి ఉంచడం మంచి ఆలోచన. ఓడిపోయిన ఆ అక్టోబరు ఎన్నికల్లో కూడా లేబర్‌కు 10 లక్షలకు పైగా ఓట్లు పెరిగాయని గైడ్ అక్కడే చెప్పారు.

వెళ్లేవాళ్లకు రెండు మాటలు. గైడ్ దగ్గర మైకు లేదు, వైట్‌హాల్ ట్రాఫిక్‌లో వెనక ఉన్నవాళ్లకు సగం వినపడదు, కాబట్టి ముందు నిలబడండి. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లను తీసుకెళ్తే లింకన్స్ ఇన్ ఫీల్డ్స్‌లో కాసేపు కూర్చోబెట్టండి, ఆ తర్వాత కూర్చునే వీలు బస్సులోనే. అయిదుకి నాలుగు స్టార్లు. వీట్లీకి అరగంట కేటాయించమని, అడక్కుండానే భారత్ ప్రస్తావన తెమ్మని నిర్వాహకులకు మెయిల్ పెట్టాను.